మిస్టరీ, సస్పెన్స్, పారానార్మల్ నవలల బలాలు, బలహీనతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళకు పైగా ఈ మూడు రకాల నవలలూ వదలకుండా చదువుతున్నాను. చదివేవాళ్ళూ, రాద్దామని కలం పట్టినవాళ్ళూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తోచిన జవాబులు ఇక్కడ రాశాను. ఏ పుస్తకం ముగింపూ ఎక్కడా బయటపెట్టలేదు, నిశ్చింతగా చదవవచ్చు.

మిస్టరీ, సస్పెన్స్, పారానార్మల్ మూడూ దాదాపు ఒకటే కదా?

ఒకే అరలో పక్కపక్కన పెడతారు కాబట్టి అలా అనిపిస్తుంది. ఒక చిన్న సంఘటన తీసుకుందాం. రాత్రి. పాత ఇల్లు. మేడ మీద గదికి బయటినుంచి తాళం వేసి ఉంది. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది.

మిస్టరీ రచయిత చేతిలో పడితే, తాళం తీసేసరికి లోపల ఒక మనిషి చచ్చి పడి ఉంటాడు. కిటికీలకు లోపలి గడియలు వేసినవి వేసినట్టే ఉంటాయి. కుర్చీ జరిపిందెవరు? ఎటు పోయారు? అంతా జరిగిపోయింది, మన చూపు వెనక్కి తిరుగుతుంది.

సస్పెన్స్ రచయిత అయితే లోపల ఎవరున్నారో ముందే చెప్పేస్తాడు. కత్తి పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాడు వాడు. ఆ సంగతి తెలియని అమ్మాయి తాళంచెవి పట్టుకుని మెట్లెక్కుతోంది. ఆరో మెట్టు. ఏడో మెట్టు. ఇక్కడ మన గోలంతా జరగబోయేదాని గురించే.

పారానార్మల్ నవలలో ఆ అమ్మాయి తాళం తీస్తుంది. గది ఖాళీ. నేల మీది దుమ్ములో కుర్చీ కోళ్ళు ఈడ్చిన గీతలు కొత్తగా కనిపిస్తున్నాయి. కుర్చీ మాత్రం లేదు. ఆ గదిలో కుర్చీ అనేది ఎన్నడూ లేదని ఇంటివాళ్ళు చెబుతారు.

మూడూ మొదటి పేజీల్లోనే పాఠకుడికి తలా ఒక మాట ఇస్తున్నాయి. చివరికి జవాబు చెబుతాను, అది నీ బుర్రకు అందేదే అయి ఉంటుంది అని మిస్టరీ మాటిస్తుంది. నువ్వు పడ్డ భయం ఉత్తుత్తి భయం కాదని సస్పెన్స్, ఈ వింతకూ ఒక లెక్క ఉందని పారానార్మల్ మాటిస్తాయి. నేను సగంలో పక్కన పడేసిన నవలల్లో చాలావాటిలో భాషకు వంక పెట్టడానికి లేదు. ఇచ్చిన మాట తప్పినందుకే పడేశాను. కింద చెప్పబోయే బలాలూ బలహీనతలూ దాదాపు అన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

మరి థ్రిల్లర్?

థ్రిల్లర్ అంటే వేగం. పరుగు, వెంటాడటం, గడువు ముంచుకురావడం. సస్పెన్స్‌కు బాగా దగ్గరి చుట్టం. ఒక మనిషి కదలకుండా కూర్చుని ఉత్తరం విప్పుతున్నా సస్పెన్స్ పుట్టించవచ్చు, థ్రిల్లర్‌కు మాత్రం కాళ్ళు ఆడుతూ ఉండాలి. అంతకు మించి గీత గీయడం అనవసరం.

ట్విస్ట్ అదిరిపోతే సస్పెన్స్ బాగా పండినట్టే కదా?

రెండూ వేరు. ఈ తేడాను సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పినంత తేటగా ఇంకెవరూ చెప్పలేదు. 1962లో ఫ్రాన్స్ దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సంభాషణల్లో ఆయన ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏదో పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి మనకు తెలియకుండా అది పేలితే పదిహేను సెకన్ల విస్మయం. బాంబును ముందే చూపించి, ఎన్ని గంటలకు పేలుతుందో చెప్పి, గోడ గడియారాన్ని కూడా చూపిస్తే? అవే చప్పిడి కబుర్లు పదిహేను నిమిషాల పాటు మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వవు.

కొత్తగా రాసేవాళ్ళు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ఎంత దాచిపెడితే అంత సస్పెన్స్ అనుకుంటారు. పై ఉదాహరణలో తలుపు వెనక మనిషి నిలబడ్డాడన్న ఒక్క వాక్యం తీసేసి చూడండి. ఆ అమ్మాయి మెట్లెక్కుతోంది, అంతే. ఆరో మెట్టుకూ ఏడో మెట్టుకూ విలువే లేదు.

ట్విస్ట్ వద్దని అనడం లేదు. మంచి ట్విస్ట్ వచ్చాక వెనక పేజీలన్నీ మరో అర్థంతో వెలుగుతాయి. అయితే దాని మీదే నమ్మకం పెట్టుకున్న నవలలో ఆ ట్విస్ట్ దాకా ఉన్న మూడు వందల పేజీలూ వట్టి నిరీక్షణ గదిలా ఉంటాయి.

మిస్టరీ నవలకున్న అసలు బలం ఏమిటి?

చదివేవాడిని పనిలోకి దింపడం. మిగతా నవలల్లో మనం పాత్రల వెంట నడుస్తాం. మిస్టరీలో పరిశోధకుడితో పోటీ పడతాం.

ఈ పోటీ మొదటినుంచీ ఉన్నదే. 1841లో ఎడ్గార్ అలన్ పో 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మార్గ్' కథ అచ్చువేశాడు. అప్పటికి డిటెక్టివ్ కథ అన్న పేరే లేదు. అందులో హత్యల గురించి సాక్షులు చెప్పినదంతా పత్రికా వార్తగా మన ముందు పరుస్తాడు. పరిశోధకుడు చదివిందే మనమూ చదువుతాం. అతను అందులో ఏదో చూశాడు, మనం చూడలేదు. ఆ ఉక్రోషమే ఈ ప్రక్రియ మొత్తాన్నీ నూట ఎనభై ఏళ్ళకు పైగా నడిపిస్తోందని నా నమ్మకం.

దీన్నే తరవాతివాళ్ళు నియమాలుగా రాసుకున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ రచయిత పది నియమాలు అచ్చువేశాడు. ఈయన క్రైస్తవ మతగురువు కూడా. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి. మానవాతీత శక్తులను రానివ్వకూడదు. ఒకటికి మించి రహస్య మార్గాలు ఉండకూడదు. లోకానికి తెలియని విషాలు వాడకూడదు. పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలి. ముందు సూచించకుండా కవల సోదరులను దింపకూడదు. ఒక్కొక్కటీ చదువుతుంటే, ఆ నియమం రాయడానికి ముందు ఆయన ఎన్ని నవలలు చదివి ఎంత ఒళ్ళు మండిపోయి ఉంటాడో తెలుస్తుంది.

ఆ నియమాలు ఇప్పటికీ పాటించాలా?

అక్షరాలా అక్కర్లేదు. అవి రాకముందే వాటి చట్రానికి పూర్తిగా లొంగని గొప్ప పని జరిగింది. 1912లో వచ్చిన 'ది సింగింగ్ బోన్' కథల్లో ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ నేరం ఎవరు చేశారో, ఎలా చేశారో మొదటి భాగంలోనే చూపించేశాడు. పరిశోధకుడు దాన్ని ఎలా పట్టుకుంటాడన్నదే రెండో భాగం. 'ఎవరు' అన్న ప్రశ్న తీసేసినా చదివే ఆసక్తి చావలేదు. అంటే నియమాల వెనక ఉన్న నిజాయితీ ముఖ్యం. పాఠకుడి దగ్గర ఆధారం దాచిపెట్టి, చివర్లో 'చూశావా, నీకు తెలియలేదు' అనడం మాత్రం ఏ కాలంలోనైనా తప్పే.

ఆధారాన్ని దాచకూడదంటారు, దొరకనివ్వకూడదంటారు. మరి ఎలా?

ఈ విద్యంటే నాకు పంచప్రాణాలు. ఈ నాలుగు వాక్యాలు చూడండి:

"బల్ల మీద కళ్ళజోడు, తేదీ వేసిన సగం ఉత్తరం, మూత పెట్టని ఫౌంటెన్ పెన్ను, పేపర్‌వెయిట్ కింద రెండు బిల్లులు. ఉత్తరం మీద తేదీ పోయిన సోమవారంది. ఇన్‌స్పెక్టర్ ఆ పెన్నే అందుకుని తన నోటుపుస్తకంలో టైము రాసుకున్నాడు, పదీ ఇరవై. అప్పుడే కింద ఎవరో కెవ్వున అరిచారు."

చాలామంది కన్ను తేదీ మీద పడుతుంది. కొందరు పదీ ఇరవై గుర్తుపెట్టుకుంటారు. అరుపు వినగానే అందరం కిందికి పరిగెడతాం. అసలు ఆధారం పెన్ను. వారం రోజులు మూత లేకుండా పడున్న ఫౌంటెన్ పెన్నులో పాళీ దగ్గర సిరా ఎండిపోతుంది. అందుకోగానే గడగడా రాయదు. ఈ పెన్ను రాసింది. అంటే కొద్దిసేపటి కిందటే ఎవరో దాన్ని వాడారు, ఉత్తరం మీది తేదీ అబద్ధం.

ఏం చేశాడు రచయిత? ఆధారాన్ని నాలుగు వస్తువుల వరసలో మూడోదిగా పెట్టాడు. మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. తరవాత దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతే మామూలు పనికి వాడించాడు, వాడకంలో ఉన్న వస్తువును మనం అనుమానించం. వెంటనే ఒక అరుపుతో మన ధ్యాస లాగేశాడు. ఎక్కడా అబద్ధం ఆడలేదు. చివర్లో పరిశోధకుడు పెన్ను సంగతి ఎత్తగానే మనం గబగబా వెనక్కి తిప్పి ఆ పేజీ వెతుక్కుంటామే, మిస్టరీ ఇచ్చే ఆనందం అంతా ఆ వెతుకులాటలో ఉంది.

అంత తెలివైన ప్రక్రియలో మరి లోపాలేమిటి?

తెలివే లోపం. చిక్కుముడి బిగించే తొందరలో మనుషులు చదరంగం పావులైపోతారు. హతుడి గురించి ఎవరూ కంటతడి పెట్టరు. తండ్రి చచ్చిన గంటకే కూతురు హాల్లో కూర్చుని ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారో లెక్కలు చెబుతుంది. 1944లో అమెరికా డిటెక్టివ్ నవలా రచయిత రేమండ్ చాండ్లర్ రాసిన 'ది సింపుల్ ఆర్ట్ ఆఫ్ మర్డర్' వ్యాసంలో ప్రధానమైన ఫిర్యాదు ఇదే: ప్లాట్ కోసం పాత్రల చేత ఏ మనిషీ చేయని పనులు చేయిస్తున్నారని. హత్యలు చేసేవాళ్ళకు కారణాలుంటాయి, కథకు ఒక శవం కావాలని ఎవరూ చంపరని ఆయన వాదన. ఆ వ్యాసంలో కొంత దురుసుతనం ఉన్నా ఈ మాట దగ్గర నేను పూర్తిగా ఆయన పక్షమే.

రెండో లోపం చివరి ప్రసంగం. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పరిశోధకుడు ఇరవై పేజీలు మాట్లాడతాడు. అంతవరకూ కదిలిన కథ అక్కడ ఆగి ఉపన్యాసం వింటుంది. సమర్థులు ఆ వివరణను ముక్కలు చేసి కథ పొడుగునా పంచుతారు, చివరికి ఒక్క ముక్కే మిగులుస్తారు.

మూడోది, ఒకసారి జవాబు తెలిశాక పుస్తకం ఖాళీ అయిపోవడం. ఇది అన్ని మిస్టరీలకూ వర్తించదు. ఏ నవలను రెండోసారి తీసి చదవబుద్ధి అవుతుందో చూస్తే అది ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

ముగింపు ముందే తెలిసిపోతే ఇక చదవడం దండగేనా?

నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి జొనాథన్ లీవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ ఒక పరిశోధన ప్రచురించారు. కొందరికి కథ ముగింపు ముందే చెప్పి, కొందరికి చెప్పకుండా చదివించారు. వాటిలో మిస్టరీ కథలూ ఉన్నాయి. ముగింపు తెలిసి చదివినవాళ్ళే ఆ కథలు ఎక్కువ నచ్చాయన్నారు. అయితే అవి చిన్న కథలు. ఆరు రాత్రులు మేలుకుని చదివే నవల విషయంలో కూడా అంతేనని నేను ఒప్పుకోను. ఆ ఆరు రాత్రుల ఊహలూ అనుమానాలూ పాఠకుడి సొత్తు, వాటిని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. దయచేసి ఎవరికీ హంతకుడి పేరు చెప్పకండి.

సస్పెన్స్ నవలలు మొదట బిగువుగా మొదలై తరవాత ఎందుకు నీరసిస్తాయి?

ప్రమాదాన్ని సాగదీయడం వల్ల. సస్పెన్స్ బలమంతా ఒకరి మీద మనకు కలిగిన మమకారంలో ఉంది. ఆ మనిషికి ఏమవుతుందోనని గుండె పీచుపీచుమంటుంది. ఆ బాధను రచయిత పెంచాలంటే పరిస్థితి మారుతూ రావాలి. చాలామంది పరిస్థితిని మార్చకుండా గడువును మాత్రం జరుపుతారు. ఫోను మోగుతుంది, రాంగ్ నంబర్. తలుపు కొడతారు, పక్కింటాయన. నీడ కదులుతుంది, పిల్లి. మొదటిసారి ఉలిక్కిపడతాం, రెండోసారి ఊపిరి పీల్చుకుంటాం, మూడోసారికి రచయిత ఎత్తు తెలిసిపోతుంది. నాన్నా పులి కథే. అసలు పులి వచ్చే సమయానికి మన దగ్గర భయం మిగలదు.

ఇంకో జబ్బు, పాత్రలు ఒక్క మాట చెప్పుకుంటే తీరిపోయే చిక్కును రెండు వందల పేజీలు లాగడం. 'నీకో ముఖ్యమైన సంగతి చెప్పాలి, రేపు కలిసినప్పుడు చెబుతా' అని ఫోను పెట్టేసిన పాత్ర ఆ రాత్రే చచ్చిపోతుందని ఈపాటికి అందరికీ తెలుసు. చెప్పకపోవడానికి బలమైన కారణం చూపించండి. సిగ్గు, బెదిరింపు, వినేవాడి మీద అనుమానం. అప్పుడు ఆ మౌనం కూడా కథలో భాగమవుతుంది.

ప్రతి అధ్యాయాన్నీ కొండ అంచున ఆపడం సీరియల్‌గా వచ్చే కథలకు అవసరం. వచ్చే సంచిక దాకా పాఠకుడు ఎదురుచూడాలి కదా. పుస్తకంగా ఏకబిగిన చదివేటప్పుడు ఆ ఆపడం పదేపదే వస్తే విసుగు. పుస్తకం వేసేముందు కొన్నింటిని చదును చేయడం మంచిది.

దెయ్యాల్ని నమ్మనివాళ్ళు కూడా పారానార్మల్ నవలలు చదివి ఎందుకు భయపడతారు?

నమ్మకంతో పని లేదు కనుక. నమ్మించే పని రచయితది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా' మొత్తం డైరీలు, ఉత్తరాలు, వార్తాపత్రికల కత్తిరింపులు, గ్రామఫోను తరహా యంత్రంలో రికార్డు చేసిన మాటల రూపంలో సాగుతుంది. అందులో రైళ్ళ వేళలున్నాయి, టైప్‌రైటర్ ఉంది. మామూలు లోకం అంత గట్టిగా ఉంది కాబట్టే అందులో పడిన పగులు మనల్ని కలవరపెడుతుంది. ఆఫీసు ఫైలులా రాసిన పేజీలో హఠాత్తుగా ఒక మనిషి అద్దంలో కనబడకపోతే వెన్నులో వణుకు పుడుతుంది. మొదటి వాక్యం నుంచే ఉరుములు, మెరుపులు, నక్కల ఊళలు పెట్టిన నవలలో ఆ పగులు పెట్టడానికి చోటే ఉండదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇంగ్లండ్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ రాసి, ఆమె పోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో రెండు రకాల భయాల మధ్య తేడా చూపించింది. మసకగా, సగం తెలిసీ తెలియని దాని భయం మనసును విప్పారజేస్తుందనీ, కళ్ళెదుట కనిపించే బీభత్సం మనసును ముడుచుకుపోయేలా చేస్తుందనీ ఆమె మాటల సారాంశం. నెత్తురు ధారలు వర్ణించే రచయితలకు ఈ మాట గోడ మీద రాసిపెట్టాలనిపిస్తుంది. దుమ్ములో గీతలున్నంతసేపూ భయం. కుర్చీ గాల్లో తేలుతూ వచ్చిందనుకోండి, చూస్తాం, అంతటితో అయిపోతుంది.

అన్నిటికన్నా లోతైన బలం మాత్రం దుఃఖం. మంచి దెయ్యం కథలో తరచుగా ఒక చావు ఉంటుంది, ఆ చావును ఒప్పుకోలేని మనిషి ఒకరుంటారు. పోయినవాళ్ళు తిరిగి రావాలన్న కోరిక, వస్తే ఏమవుతుందోనన్న భయం, ఈ రెండూ ఒకే గుండెలో ఉండటం పారానార్మల్ నవల చూపించినంత సూటిగా మరే రకమూ చూపించలేదు. అమ్మ పోయిన ఏడాది నేను ఎక్కువగా చదివినవి ఇవే. ఓదార్పు మాటలు వినలేని రోజుల్లో ఆ కథలు తోడున్నాయి.

దెయ్యానికి కూడా నియమాలా? ఏదైనా చేయగలదు కదా!

ఏదైనా చేయగలిగితే కథ అక్కడే చచ్చిపోతుంది. గోడల్లోంచి వచ్చేది తాళం వేసిన తలుపు దగ్గర ఎందుకు ఆగింది? మనుషుల్ని గాల్లోకి విసిరేసేది నాయిక గొంతు మాత్రం ఎందుకు పట్టుకోలేదు? పాఠకుడికి ఈ ప్రశ్న ఒకసారి వచ్చిందంటే భయం ఎగిరిపోతుంది.

నెత్తురు తాగే ఆ డ్రాకులానే చూడండి. మొదటిసారి ఇంట్లోవాళ్ళు పిలిస్తే తప్ప గడప దాటలేడు. పారే నీటిని తనంతట తాను ఎప్పుడు పడితే అప్పుడు దాటలేడు. సినిమాలు చూసినవాళ్ళు పొరబడే సంగతి ఒకటుంది. నవలలో అతను ఎండకు మాడి చావడు. పగటిపూట బయట తిరుగుతాడు, శక్తులు మాత్రం చాలావరకు అణిగి ఉంటాయి. ఈ హద్దుల వల్లే మామూలు మనుషులకు పోరాడే దారి దొరికింది, కథకు ఊపు వచ్చింది.

హద్దులన్నీ పాఠకుడికి అప్పజెప్పాల్సిన పని లేదు. రచయితకు తెలిస్తే చాలు. తెలియకుండా రాస్తే ఆరో అధ్యాయానికల్లా పట్టుబడిపోతారు.

చివర్లో దెయ్యం లేదు గియ్యం లేదు, అంతా ఎవరో ఆడిన నాటకం అని తేల్చేయడం బాగుంటుందా?

ఒక్కోసారి బ్రహ్మాండంగా ఉంటుంది, చాలాసార్లు ఒళ్ళు మండుతుంది. పైన చెప్పిన రాడ్‌క్లిఫ్ తన నవలల్లో వింతలకు చివర్లో లౌకికమైన కారణాలు చూపేది. ఆ కారణం అంతవరకూ చూపిన భయమంత పెద్దదిగా ఉండాలి. మూడు వందల పేజీల భీభత్సానికి మూలం అటక మీద దాచిన టేప్ రికార్డర్ అంటే పాఠకుడు మోసపోయాననుకుంటాడు, సబబే. ఆ నాటకం ఆడిన మనిషి క్రౌర్యం దెయ్యం కన్నా భయంకరంగా తేలితే మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు.

మూడో దారి కూడా ఉంది, నాకు ప్రాణమైన దారి. సాహిత్య విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ 1970లో ఫాంటాస్టిక్ సాహిత్యం మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరించాడు. జరిగింది భ్రమా, నిజంగా అతీతమా అని తేల్చుకోలేని ఊగిసలాటే ఆ సాహిత్యానికి ఆయువుపట్టు అంటాడు. హెన్రీ జేమ్స్ 1898లో ప్రచురించిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' ఇందుకు పెట్టింది పేరు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన యువతికి ప్రేతాలు కనిపిస్తాయి. అవి ఉన్నాయా, ఆమె మనసు కల్పించినవా అని ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఇది రాయడం కత్తి మీద సాము. ప్రతి సంఘటనా రెండు అర్థాలకూ అతకాలి. ఎటూ తేల్చుకోలేక వదిలేసిన ముగింపుకూ, ఎటూ తేలకుండా కట్టిన ముగింపుకూ తేడా చదివేవాడికి ఇట్టే తెలుస్తుంది.

హత్యా పరిశోధన మధ్యలో నిజంగానే ఆత్మను తీసుకురావచ్చా?

పాతకాలం వాళ్ళు ససేమిరా అన్నారు. 1930లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్ సభ్యులు, తమ పరిశోధకులు దైవవాణి మీద, మంత్రతంత్రాల మీద, కాకతాళీయం మీద ఆధారపడరని ప్రమాణం చేసేవారు. ఆత్మ వచ్చి హంతకుడి పేరు చెప్పేస్తే పాఠకుడు పడ్డ శ్రమంతా గంగపాలే కదా.

అయినా కలపవచ్చు. ఆత్మ జవాబు చెప్పకూడదు, ప్రశ్నను మరింత బిగించాలి. చనిపోయినవాడికి తనను వెనకనుంచి ఎవరు పొడిచారో తెలియదనుకోండి. అతనూ మనలాగే వెతుక్కోవాలి. లేదా ఆత్మలు అబద్ధం ఆడగలవని మొదట్లోనే చూపించండి. అప్పుడు ఆత్మ కూడా ఒక సాక్షి, దాని మాటనూ అనుమానించాల్సిందే. అతీతశక్తి ఉందన్న సంగతి, దాని హద్దులు మాత్రం తొలి అధ్యాయాల్లోనే పాఠకుడికి తెలియాలి. 280వ పేజీలో హఠాత్తుగా తెలిస్తే అది ద్రోహం.

ఈ నవలలు మూఢనమ్మకాలనూ నేరబుద్ధినీ పెంచుతాయంటారు. నిజమేనా?

మిస్టరీ గురించి ఆ మాట నేను ఒప్పుకోను. పుకారును, ముఖం చూసి మనిషిని అంచనా కట్టడాన్ని, తొలి అనుమానాన్ని నమ్మొద్దని నేర్పే ప్రక్రియ అది. అందరూ వేలెత్తి చూపినవాడు నిర్దోషిగా తేలడం ఎన్నిసార్లు చదివాను! ఆ అలవాటు బయటి లోకంలోనూ పనికొచ్చింది.

పారానార్మల్ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరమే. కల్పనగా చెప్పిన దెయ్యంతో ఇబ్బంది లేదు. మానసిక వ్యాధితో బాధపడే మనిషిని పూనకంగా చూపించి, వైద్యుణ్ణి వెర్రివాణ్ణి చేసి, భూతవైద్యుణ్ణి గెలిపించే నవలలున్నాయి. నిజ జీవితంలో అలాంటి రోగులకు వైద్యం ఆలస్యం కావడానికి ఆ కథలు తోడ్పడతాయేమోనని నాకు బెంగ. ఎవరో ఒక వర్గంవాళ్ళనో, ఒంటరి ముసలమ్మనో చేతబడి చేసేదిగా చూపడం కూడా అంతే. చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు లోకంలో ఉన్నాయి. రాసేవాళ్ళు ఆ బరువు తెలిసి రాయాలి.

ఇవి కాలక్షేపం రచనలే కదా, సాహిత్యం అవుతాయా?

అవుతాయి. కాలక్షేపం కావడం చిన్న సంగతేమీ కాదు. అలసిపోయిన మనిషి చేత నాలుగు వందల పేజీలు చదివించడానికి ఎంత వాక్యశుద్ధి కావాలో రాసి చూస్తే తెలుస్తుంది.

ఒకే పరిశోధకుడితో వరసగా వచ్చే నవలలు మంచివేనా?

పాత స్నేహితుణ్ణి కలిసినట్టుంటుంది, అదే వాటి ఆకర్షణ. చిక్కేమిటంటే, తరవాతి పుస్తకం రావాలి కాబట్టి అతనికేమీ కాదని మనకు తెలుసు. సస్పెన్స్ సగం చచ్చినట్టే. రచయితకూ అది సంకెలే. ఆర్థర్ కొనన్ డాయిల్ చారిత్రక నవలలు రాసుకోవాలని షెర్లాక్ హోమ్స్‌ను 1893లో ఒక కథలో చంపేశాడు. పాఠకులు ఊరుకోలేదు. 1903లో మళ్ళీ బతికించక తప్పలేదు.

ముగింపు నచ్చకపోతే నవల మొత్తం పాడైనట్టేనా?

మిస్టరీకి ముగింపు ఎంత ముఖ్యమో చెప్పడానికి ముగింపే లేని నవల ఒకటుంది. చార్లెస్ డికెన్స్ 1870 జూన్‌లో చనిపోయేనాటికి 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' పన్నెండు భాగాల్లో ఆరు భాగాలకే సరిపడా రాశాడు. ఎడ్విన్ ఏమయ్యాడో పుస్తకం చెప్పదు. అప్పటినుంచి ఎందరో తమకు తోచిన ముగింపులు రాస్తూనే ఉన్నారు. ఉన్న సగం అంత బలంగా ఉంది కాబట్టే ఆ తపన.

నాకూ ఒక డ్రూడ్ ఉంది. పదిహేనేళ్ళ వయసులో ఒకరి దగ్గర ఎరువు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో చివరి పదో పన్నెండో పేజీలు చిరిగిపోయాయి. ఎవరినడిగినా ఆ పుస్తకం దొరకలేదు. వారం రోజులు నోటుపుస్తకంలో అనుమానితుల పేర్లు రాసుకుని, ఎవరు ఏ వేళకు ఎక్కడున్నారో గీతలు గీసుకుని, హతుడి తమ్ముడే చంపాడని తేల్చాను. అతని కుంటినడకకూ మేడమెట్ల మీది చప్పుడుకూ లెక్క సరిపోయింది. ఇరవై ఏళ్ళ తరవాత పాత పుస్తకాల మధ్య ఆ నవల పూర్తి ప్రతి దొరికింది. అక్కడే నిలబడి చివరి పేజీలు చదివాను. అప్పటిదాకా కథలో పేరైనా రాని ఒక మనిషి వచ్చి, నేరం ఒప్పుకుని, తుపాకీతో కాల్చుకున్నాడు. ఆ కుంటినడక గురించి ఒక్క మాట లేదు.

ఆ ప్రతి కొని తెచ్చుకున్నాను. నా నోటుపుస్తకం పేజీలు నాలుగు ఇంకా ఉన్నాయి, వాటిని మడిచి చివరి అట్ట లోపల పెట్టాను. ఎవరైనా ఆ నవల అడిగితే, అచ్చువేసిన ముగింపు చదివేముందు వాటిని చూడమని చెప్పి ఇస్తాను.